ఇసుక ఏ వాలున తగిలింది?



బోరు మోటారు పైకి తీయించి చూసిన రైతుకు ఈ సంగతి తెలుసు. కొత్తలో నిండుగా ఉన్న ఇంపెల్లర్ రెక్కలు కొన్నాళ్లకు అంచుల దగ్గర పలచబడిపోతాయి. రైస్ మిల్లులో పనిచేసేవాళ్లకూ ఇది తెలుసు. ధాన్యం జారే రేకు గొట్టం పొడవునా బాగానే ఉంటుంది. మలుపు దగ్గర మాత్రం చిల్లు పడుతుంది. ఇక థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజినీర్లకు మరీ బాగా తెలుసు. బూడిద దెబ్బకు బాయిలర్ గొట్టం ఒక్కటి పలచబడి పగిలినా యూనిట్ మొత్తం ఆపాల్సిందే.

ఈ మూడు చోట్లా జరిగేది ఒకటే. గాలితోనో నీటితోనో చిన్న చిన్న రేణువులు కొట్టుకొస్తాయి. ఇసుక కావచ్చు, ఊక కావచ్చు, బూడిద కావచ్చు. అవి వచ్చి లోహానికి తగులుతాయి. తగిలిన ప్రతిసారీ కంటికి కనపడనంత లోహం ఊడుతుంది. ఒక్క రేణువు ఏమీ చెయ్యలేదు. కోట్ల రేణువులు తగిలితే ఇనుము కూడా నిలబడదు. ఇంజినీరింగ్‌లో దీన్ని ఎరోజన్ అంటారు. ఈ ప్రసంగంలో మనం అరుగుదల అనే అందాం.

ఏదైనా అరిగిపోతే మనకు వెంటనే తోచే ఆలోచన ఏమిటి? ఇంకా గట్టి లోహం వేద్దాం అనుకుంటాం. ఆ ఆలోచన చాలాసార్లు పనిచెయ్యదు. ఎందుకు పనిచెయ్యదో లెక్క కట్టి చెప్పిన ఒక ఆచార్యుడి గురించి ఈ రోజు మీతో మాట్లాడతాను. ఆయన పేరు ఇయాన్ ఫినీ. అమెరికాలో బర్క్‌లీలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడిగా పనిచేశారు. ఆయన నేర్పిన పాఠాన్ని నా మాటల్లో ఒక్క ముక్కలో చెబుతాను. లోహం ఎంత గట్టిది అని అడిగే ముందు, రేణువు ఏ వాలున తగులుతోంది అని అడగండి. ఈ ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవాల్సింది ఈ ఒక్క మాటే. అందుకే దీన్ని మళ్లీ మళ్లీ చెబుతాను.

ముందు ఆయన గురించి నాలుగు మాటలు. ఫినీ 1928లో హాంకాంగ్‌లో పుట్టారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివారు. తర్వాత అమెరికా వెళ్లి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డాక్టరేట్ చేశారు. 1950లలో షెల్ చమురు సంస్థ పరిశోధనశాలలో చేరారు. అది కాలిఫోర్నియాలో ఎమరీవిల్ అనే ఊళ్లో ఉండేది. బర్క్‌లీకి పక్కనే.

చమురు సంస్థకూ ఇసుక దెబ్బకూ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. చాలా సంబంధం ఉంది. ముడిచమురులో బరువైన భాగాన్ని విడగొట్టి పెట్రోలు తీయడానికి రిఫైనరీలో ఒక పొడి వాడతారు. దాన్ని ఉత్ప్రేరకం అంటారు. మెత్తటి పొడి. అది వేడి ఆవిరితో, వాయువులతో కలిసి పెద్ద పెద్ద గొట్టాల్లో రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. తిరుగుతూ గొట్టాల మలుపుల్ని కొడుతుంది. పొడిని వేరుచేసే సైక్లోన్ల గోడల్ని కొడుతుంది. అక్కడ చిల్లు పడితే రిఫైనరీ ఆగుతుంది. అందుకే ఆ రోజుల్లో చమురు పరిశోధనశాలలు ఈ అరుగుదల మీద దృష్టి పెట్టాయి.

ఈ విషయం మీద ఫినీ 1958లో ఒక సదస్సులో పత్రం సమర్పించారు. 1960లో మరింత పూర్తిగా రాశారు. అరుగుదల మీదే వెలువడే వేర్ అనే పరిశోధన పత్రికలో అది అచ్చయింది. ఘన రేణువుల వల్ల ఉపరితలాలు అరగడం, అదీ దాని విషయం. అరవై ఏళ్లు దాటినా ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ప్రపంచమంతటా పరిశోధకులు ఉదహరిస్తూనే ఉన్నారు. 1960ల మొదట్లో ఆయన బర్క్‌లీలో ఆచార్యుడిగా చేరారు. మూడు దశాబ్దాల పాటు అక్కడే పాఠాలు చెప్పారు, పరిశోధన చేయించారు. 1979లో అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీకి ఎన్నికయ్యారు. 2009లో కన్నుమూశారు.

ఇక అసలు సంగతికి వద్దాం. రేణువు తగిలినప్పుడు లోహానికి ఏమవుతుంది?

వడ్రంగి చేతిలో ఉలిని ఊహించుకోండి. కర్రని చదును చెయ్యాలంటే ఆయన ఉలిని ఎలా పడతాడు? వాలుగా పడతాడు. కర్ర మీద దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి ముందుకు తోస్తాడు. పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. అదే ఉలిని నిలువుగా పెట్టి కొడితే ఏమవుతుంది? ఉలి కర్రలోకి దిగుతుంది. గాటు పడుతుంది. కానీ పొట్టు లేవదు. మరీ పడుకోబెట్టేస్తే? ఉలి కర్రని పట్టుకోదు. పైపైన జారిపోతుంది. పని జరగాలంటే వాలు సరిగ్గా కుదరాలి.

ఫినీ చెప్పింది ఇదే. కోసుగా ఉన్న ప్రతి ఇసుక రేణువూ ఒక చిన్న ఉలి. అది వాలుగా వస్తే లోహంలోకి కొంచెం దిగుతుంది. దిగుతూనే ముందుకు సాగుతుంది. సన్నటి గాడి చేసుకుంటూ, లోహాన్ని చెక్కేసి బయటపడుతుంది. నిలువుగా వస్తే లోపలికి దిగి ఆగిపోతుంది. గుంట పడుతుంది గానీ అక్కడ లోహం పెద్దగా లేవదు. మరీ వాలుగా వస్తే పైన రాసుకుంటూ పోతుంది. లోహంలోకి దిగదు.

ఈ మాట చెప్పి ఊరుకుంటే ఆయన పేరు ఇంతకాలం నిలిచేది కాదు. ఆయన దాన్ని లెక్కలోకి తెచ్చారు. రేణువు బరువెంత, వేగమెంత, ఏ కోణంలో వచ్చింది, లోహం దాన్ని ఎంత బలంతో అడ్డుకుంటుంది. ఇవన్నీ తీసుకుని, రేణువు కొస లోహంలో ఏ దారిన పోతుందో చలన సూత్రాలతో గీశారు. ఆ దారిలో ఎంత లోహం లేస్తుందో కట్టారు. జవాబు ఏమొచ్చింది? ఉపరితలం నుంచి కొలిస్తే దాదాపు 17 డిగ్రీల వాలున తగిలినప్పుడు అరుగుదల అన్నిటికంటే ఎక్కువ. 90 డిగ్రీలంటే నిలువు. 45 అందులో సగం. 17 అంటే బాగా ఏటవాలు. ప్రయోగం చేసి చూస్తే సాగే గుణమున్న లోహాలకు, అంటే అల్యూమినియం, రాగి, మెత్తటి ఉక్కు లాంటి వాటికి, ఎక్కువ అరుగుదల ఇంచుమించు ఆ కోణం దగ్గరే కనిపించింది. 15 నుంచి 30 డిగ్రీల మధ్య.

ప్రయోగం కూడా పెద్ద గొడవేమీ కాదు. గాలిని ఒత్తిడితో ఒక నాజిల్ గుండా వదులుతారు. అందులో తూచిన పొడి కలుపుతారు. ఎదురుగా లోహపు ముక్కను కావలసిన కోణంలో తిప్పి బిగిస్తారు. ముందు ముక్కని తూస్తారు. పొడి కొట్టించాక మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే అరుగుదల. కోణం మార్చుతూ అదే పని మళ్లీ చేస్తారు. కోణం ఒక పక్క, తగ్గిన బరువు ఒక పక్క పెట్టి గీత గీస్తారు.

ఆ గీత చూస్తే రెండు జాతుల పదార్థాలు విడివిడిగా కనిపిస్తాయి. లోహాలకు గీత వాలు కోణాల దగ్గర గబగబా పైకి లేచి, నిలువు దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగుతుంది. గాజు, పింగాణీ లాంటి పెళుసు పదార్థాలకు పూర్తిగా తలకిందులు. వాలుగా తగిలితే వాటికి పెద్దగా నష్టం లేదు. నిలువుగా తగిలిన కొద్దీ నష్టం పెరుగుతుంది. 90 డిగ్రీల దగ్గర అన్నిటికంటే ఎక్కువ. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పెళుసు పదార్థం సాగదు. దెబ్బ సూటిగా తగిలితే లోపల సన్నటి బీటలు వేస్తుంది. పక్క పక్క బీటలు కలుసుకుంటాయి. పెచ్చు ఊడుతుంది. అక్కడ చెక్కుడు పని లేదు. పగలడమే ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. ఒకే గొట్టంలో ఒకే పొడి పోతోంది. ఒకచోట వాలుగా రాసుకుంటూ పోతుంది. ఇంకోచోట మలుపు గోడకు సూటిగా తగులుతుంది. మొదటి చోట గట్టి పింగాణీ పలకలు పరిస్తే చాలాకాలం నిలుస్తాయి. అవే పలకలు రెండో చోట వేస్తే బీటలు వారి ఊడిపోతాయి. అక్కడ దెబ్బకు కొంచెం లొంగి మళ్లీ లేచే పదార్థం కావాలి. కొన్ని చోట్ల రబ్బరు కూడా ఉక్కు కంటే ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే చెబుతున్నాను. ఎంత గట్టిది అని అడిగే ముందు, ఏ వాలున తగులుతోంది అని అడగండి.

గట్టిదనం గురించి ఇంకో సంగతి ఉంది. దీన్ని వింటే చాలామంది ఇంజినీర్లు కూడా ఆశ్చర్యపోతారు. శుద్ధమైన లోహాల్ని మెత్తబరిచి పోల్చి చూస్తే, గట్టి లోహం తక్కువ అరుగుతుంది. ఇంతవరకూ మనం అనుకున్నట్టే ఉంది. కానీ ఒకే ఉక్కును తీసుకుని, కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచి గట్టిపరిస్తే? దాని కాఠిన్యం రెండింతలు మూడింతలు పెరగవచ్చు. ఇసుక దెబ్బకు మాత్రం అరుగుదల పెద్దగా తగ్గదు. ఫినీ, ఆయన సహచరులు 1960లలో ఈ సంగతిని ప్రయోగాలతో చూపించారు. సుత్తితో కొట్టి గట్టిపరిచిన లోహానికీ అంతే. ఎందుకలా? ఇసుక తగులుతున్న కొద్దీ పై పొర తనంతట తానే బాగా నలిగి గట్టిపడుతుంది. ముందుగా మనం గట్టిపరిచినా పరచకపోయినా, కాసేపటికి ఆ పొర ఇంచుమించు ఒకే స్థితికి వస్తుంది. మనం పెట్టిన ఖర్చు ఆ కొద్దిసేపటికే పనికొస్తుంది.

ఇలాంటి ఫలితం చేతికొచ్చినప్పుడే మంచి పరిశోధకుడు ఎవరో తెలుస్తుంది. అందరూ నమ్మే మాటకు ఎదురుగా ఫలితం వస్తే దాన్ని పక్కన పెట్టెయ్యకూడదు. ఎందుకలా వచ్చింది అని అడగాలి. ఫినీ, ఆయన విద్యార్థులు అలాగే అడిగారు. గాజు విషయంలోనూ వాళ్లకు అలాంటి ఫలితమే ఎదురైంది. 1966లో షెల్డన్ అనే శిష్యుడితో కలిసి ఆయన ఒక పత్రం రాశారు. అందులో గాజు మీద చేసిన పరీక్ష ఉంది. గాజు పెళుసు కదా. నిలువు దెబ్బకే ఎక్కువ దెబ్బతినాలి. కొంచెం పెద్ద రేణువులతో కొడితే అలాగే జరిగింది. కానీ చాలా సన్నటి పొడితో కొడితే, అంటే రేణువు సుమారు 9 మైక్రాన్లే ఉంటే, గాజు లోహంలా ప్రవర్తించింది. వాలుగా తగిలినప్పుడే ఎక్కువ అరిగింది. మన తల వెంట్రుక మందంలో 9 మైక్రాన్లంటే చాలా చిన్న భాగం. అంత చిన్న రేణువు గాజులో బీట తెప్పించలేదు. గాజును మెల్లగా చెక్కింది. కాబట్టి పదార్థం పెళుసా, సాగేదా అన్నది కూడా పదార్థం ఒక్కటే తేల్చదు. ఏ రేణువు, ఎంత పరిమాణం, ఎంత వేగం అన్నవి కూడా తేలుస్తాయి.

వేగం మాట వచ్చింది కాబట్టి, రైతుకూ మిల్లు యజమానికీ నేరుగా పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఫినీ సూత్రం ప్రకారం వేగం రెండింతలైతే అరుగుదల నాలుగింతలు అవుతుంది. ప్రయోగాల్లో అంతకంటే కొంచెం ఎక్కువే కనిపించింది. దాదాపు ఐదింతలు. అంటే వేగం కొంచెం తగ్గించినా లాభం చాలా ఉంటుంది. వేగం నూటికి పది వంతులు తగ్గితే అరుగుదల నూటికి ఇరవై వంతులకు పైగా తగ్గుతుంది. గాలితో పొడిని తోసే గొట్టం 4 అంగుళాలది ఉందనుకోండి. దాని బదులు 5 అంగుళాలది వేస్తే, పోయే గాలి అంతే అయినా వేగం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అరుగుదల దాదాపు మూడో వంతుకు వస్తుంది. ఖరీదైన ఉక్కు కొనక్కర్లేదు. అయితే ఒక హెచ్చరిక. వేగం మరీ తగ్గిస్తే పొడి గొట్టంలో అడుగున పేరుకుని అడ్డుపడుతుంది. ఆ హద్దు చూసుకుని తగ్గించాలి.

ఇప్పుడు ఈ పాఠానికీ మన హైదరాబాద్‌కీ ఉన్న సంబంధం చెబుతాను.

ఫినీ సూత్రంలో ఒక లోటు ఉంది. ఆయన లెక్క ప్రకారం రేణువు సరిగ్గా నిలువుగా తగిలితే అరుగుదల సున్నా రావాలి. నిజంలో సున్నా రాదు. తక్కువే గానీ ఉంటుంది. లోహం అక్కడ కూడా అరుగుతుంది. ఆ లోటును ఎవరూ దాచిపెట్టలేదు. తరవాతి వాళ్లు అక్కడినుంచే పని మొదలుపెట్టారు. 1963లో బిటర్ అనే శాస్త్రవేత్త వేరే దారిన ఆలోచించారు. చెక్కుడు ఒక్కటే కాదు, పదే పదే నలగడం వల్ల కూడా లోహం ఊడుతుంది, రెండింటినీ కలిపి లెక్క వెయ్యాలి అన్నారు. బర్క్‌లీలోనే లారెన్స్ బర్క్‌లీ పరిశోధనశాలలో అలన్ లెవీ, దెబ్బ తిన్న లోహం పలచటి రేకుల్లా సాగి ఊడడాన్ని సూక్ష్మదర్శినిలో చూపించారు.

1983లో జి. సుందరరాజన్, పాల్ షూమన్ ఇద్దరూ కలిసి సరిగ్గా ఈ నిలువు దెబ్బ మీదే కొత్త సిద్ధాంతం ఇచ్చారు. సుందరరాజన్ హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలలో, అంటే డి.ఎం.ఆర్.ఎల్.లో పనిచేసిన శాస్త్రవేత్త. వాళ్లు చెప్పింది ఇది. నిలువుగా తగిలిన రేణువు గుంట చేస్తుంది. గుంట చుట్టూ లోహం పెదవిలా పైకి లేస్తుంది. మళ్లీ మళ్లీ దెబ్బ తగులుతుంటే లోహం నలగడమంతా ఒక సన్నటి చోటే పోగుపడుతుంది. ఇక భరించలేని స్థితికి వచ్చినప్పుడు పెదవి తెగిపోతుంది. అరుగుదల అక్కడినుంచి వస్తుంది. తరవాత హైదరాబాద్ బృందం ఈ దారిలో చాలా పని చేసింది. సుందరరాజన్ బాలాపూర్‌లో ఉన్న ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రానికి డైరెక్టర్ అయ్యారు. లోహాల మీద అరుగుదలను తట్టుకునే పూతలు వేసే పద్ధతులు అక్కడ అభివృద్ధి చేశారు. 2014లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చూశారా? కాలిఫోర్నియాలో ఒక ఆచార్యుడు తన లెక్క ఎక్కడ ఆగిందో దాచకుండా చూపించారు. హైదరాబాద్‌లో ఉన్న శాస్త్రవేత్త సరిగ్గా అక్కడ చెయ్యి వేశారు. శాస్త్రం ఇలాగే ముందుకు పోతుంది. ఒకరు తమ హద్దు చెబితేనే ఇంకొకరు దాన్ని దాటగలరు.

ఇదంతా మన ఊళ్లలో ఎక్కడ పనికొస్తుంది? ముందు థర్మల్ కేంద్రాలు చూద్దాం. కొత్తగూడెం, రామగుండం, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం. వీటన్నిటిలో మండేది మన దేశపు బొగ్గు. మన బొగ్గులో బూడిద ఎక్కువ. నూటికి ముప్ఫై నుంచి నలభై వంతులు ఉండడం మామూలే. ఆ బూడిదలో క్వార్ట్జ్ ఉంటుంది. అంటే మన ఇసుకలో ఉండే గట్టి రాయే. మామూలు ఉక్కు కంటే అది చాలా గట్టిది. వేడి పొగతో కలిసి అది బాయిలర్ గొట్టాల మీదుగా దూసుకుపోతుంది. ఆ గొట్టాలు గుండ్రంగా ఉంటాయి. పొగ ఎదురుగా తగిలే నడి ముఖం దగ్గర దెబ్బ నిలువు. రెండు పక్కలకు వచ్చేసరికి దెబ్బ వాలుగా మారుతుంది. గొట్టం ఎక్కడ ముందు పలచబడుతుంది? నడి ముఖం దగ్గర కాదు. దానికి రెండు పక్కలా. నిర్వహణ చూసే ఇంజినీరు మందం కొలిచే మీటరును ఎక్కడ పెట్టాలో ఈ పాఠమే చెబుతుంది. ఎదురుగా ఒక్కచోట కొలిచి మందం బాగానే ఉంది అనుకుంటే ప్రమాదం. పక్కన కొలవాలి.

బూడిదను నీళ్లలో కలిపి దూరంగా ఉన్న చెరువుకు పంపే గొట్టాలు ఉంటాయి. అందులో బూడిద నీటితో పాటు గొట్టం అడుగున రాసుకుంటూ పోతుంది. దెబ్బ వాలుగానే తగులుతుంది. కాబట్టి లోపల బసాల్ట్ రాయిని కరిగించి పోసిన పొర వేసిన గొట్టాలు వాడతారు. పెళుసైనదే. కానీ వాలు దెబ్బకు చాలా బాగా నిలుస్తుంది. మామూలు ఉక్కు గొట్టమే అయితే కొంతకాలానికి దాన్ని కొంచెం తిప్పి బిగిస్తారు. అడుగు అరిగింది కదా. అరగని పక్కను అడుగుకు తెస్తారు. గొట్టం జీవితం పెరుగుతుంది. ఇందులో కొత్త లోహం లేదు. దెబ్బ ఎక్కడ తగులుతోందో చూడడమే ఉంది.

ఇంకో ఉదాహరణ జలవిద్యుత్తు. హిమాచల్ ప్రదేశ్‌లో సట్లెజ్ నది మీద నాథ్పా ఝాక్రీ కేంద్రం ఉంది. 1500 మెగావాట్లు. వానాకాలంలో ఆ నది హిమాలయాల నుంచి విపరీతంగా ఒండ్రు తెస్తుంది. అందులోనూ క్వార్ట్జ్ ఎక్కువ. టర్బైన్ రెక్కలు, నీటిని మళ్లించే పలకలు త్వరగా అరిగిపోయాయి. ఒండ్రు మితిమీరినప్పుడు యంత్రాలు ఆపెయ్యాల్సి వచ్చింది. అక్కడ టంగ్‌స్టన్ కార్బైడ్ పూతలు వాడారు. ఆ పూతలో కార్బైడ్ రేణువులు చాలా గట్టివి. వాటిని పట్టి ఉంచే లోహం సాగే గుణమున్నది. గట్టిదనం, సాగే గుణం రెండూ ఒకే పొరలో కలిశాయి. వాలు దెబ్బకు కార్బైడ్ రేణువు నిలుస్తుంది. సూటి దెబ్బకు లోహం పట్టి ఉంచుతుంది.

ఇక మిల్లు గొట్టం మలుపు సంగతి. అక్కడ ఒక చవకైన ఉపాయం ఉంది. ధాన్యం తిరగాల్సిన చోట గుండ్రటి మలుపు బదులు ఒక మూసిన మూల పెడతారు. ధాన్యం వచ్చి ఆ మూలలో కొంచెం పేరుకుంటుంది. తరవాత వచ్చే ధాన్యం ఆ పేరుకున్న ధాన్యాన్నే కొడుతుంది. రేకును కొట్టదు. అలా రేకు నిలుస్తుంది. కొన్ని రకాల సరుకుకు, గింజ పగలకూడని చోట ఇది కుదరకపోవచ్చు. కుదిరే చోట మాత్రం ఇంతకు మించిన ఉపాయం లేదు.

బోరు మోటారు సంగతి. ఇంపెల్లర్ తరచూ అరిగిపోతుంటే కొత్తది మార్చుకుంటూ పోకండి. ముందు బోరు నీళ్లు ఒక బకెట్‌లో పట్టి కాసేపు కదలకుండా ఉంచండి. అడుగున ఇసుక ఎంత పేరుకుందో చూడండి. ఇసుక ఎక్కువగా వస్తుంటే మోటారును బోరు అడుగుకు మరీ దగ్గరగా దించకూడదు. తీసిన ఇంపెల్లర్‌ను పారెయ్యకముందు ఒకసారి వెలుతురులో తిప్పి చూడండి. గీతలు గీతలుగా ఒకే దిక్కున అరిగిందా? వాలు దెబ్బ అది. గుంటలు గుంటలుగా ఉందా? సూటి దెబ్బ కావచ్చు. అరిగిన ముక్క మీదే ఈ గుర్తులన్నీ ఉంటాయి. మెకానిక్‌కు దాన్ని చూపించి మాట్లాడండి.

ఇక ఇంజినీరింగ్ కళాశాలల సంగతి. నేనూ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ఈ మాట మనసుపెట్టి చెబుతున్నాను. నాజిల్‌తో పొడి కొట్టించి తూచే పరీక్ష గురించి ముందు చెప్పాను కదా, ఇప్పుడు దానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ ప్రమాణాన్ని జి-76 అంటారు. 50 మైక్రాన్ల అల్యూమినా పొడి, సెకనుకు 30 మీటర్ల వేగం, నిమిషానికి 2 గ్రాముల పొడి, పది నిమిషాలు. పద్ధతి అంత స్పష్టంగా రాసి ఉంది. మన తెలుగు రాష్ట్రాల్లో కూడా ఎం.టెక్. విద్యార్థులు ఈ పరీక్ష చేస్తుంటారు. 30, 45, 60, 90 డిగ్రీల దగ్గర కొలతలు తీస్తారు. గ్రాఫ్ గీస్తారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. విద్యార్థులారా, అక్కడ ఆగకండి. మీ గీత వాలు దగ్గర లేచిందా, నిలువు దగ్గర లేచిందా? ఎందుకు లేచింది? ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. గాడులున్నాయా, బీటలున్నాయా? ఫినీ కట్టిన లెక్క మీరు చదువుకున్న చలన సూత్రాలతోనే కట్టారు. మీరు కూడా మీ పుస్తకంలో దాన్ని మొదటినుంచి కట్టి చూడండి. 17 డిగ్రీలు మీ చేతితో తీస్తే వచ్చే ధైర్యం వేరు.

మళ్లీ ఫినీ దగ్గరికి వద్దాం. ఫినీ ఒక్క అరుగుదల మీదే పనిచెయ్యలేదు. వేడిలో లోహాలు మెల్లగా సాగడం మీద విలియం హెలర్‌తో కలిసి 1959లోనే పుస్తకం రాశారు. లోహాల లోపల దాగి ఉండే ఒత్తిడిని కొలవడానికి వెయ్‌లీ చెంగ్‌తో కలిసి ఒక పద్ధతిని అభివృద్ధి చేశారు. ముక్కలో సన్నటి చీలిక కోసుకుంటూ పోయి, ఆ చీలిక వల్ల లోహం ఎంత కదిలిందో కొలిచి లోపలి ఒత్తిడిని లెక్క కట్టే పద్ధతి అది. దాని మీద ఆ ఇద్దరి పుస్తకం 2007లో వచ్చింది. అప్పటికి ఫినీ వయసు డెబ్బై ఎనిమిదికి పైబడింది. 1995లో అరుగుదల పరిశోధన గతాన్నీ రాబోయే కాలాన్నీ తలచుకుంటూ కూడా ఒక వ్యాసం రాశారు. మొదటి పత్రం తరవాత ముప్ఫై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నను వదిలిపెట్టలేదు. ఒక్క ప్రశ్నతో అంతకాలం నిజాయితీగా ఉండగలగడం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. మన విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి ఓపిక ఉన్న పరిశోధకులకు సమయం, చోటు, చిన్న ప్రయోగశాల దొరికితే చాలు. ఖరీదైన యంత్రాలు తరవాత.

శ్రోతలారా, చివరిగా మరోసారి. మీ ఇంట్లోనో పొలంలోనో మిల్లులోనో ఏదైనా ఇసుకకు అరిగిపోతుంటే మూడు సంగతులు చూడండి. దెబ్బ ఏ వాలున తగులుతోంది? ఎంత వేగంతో తగులుతోంది? ఆ దెబ్బను తప్పించే దారి ఏదైనా ఉందా? ఈ మూడూ తేలాకే గట్టి లోహం గురించి ఆలోచించండి. అప్పుడు మీరు కొనే వస్తువుకు పెట్టిన డబ్బు దక్కుతుంది. మీ పిల్లల్లో ఎవరైనా మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతుంటే, అరిగిన ఆ ముక్కను వాళ్ల చేతికివ్వండి. ఇది ఎలా అరిగిందో చెప్పమని అడగండి. వాళ్లు పుస్తకం తెరిచి, లెక్క కట్టి, మీకు జవాబు చెప్పిన రోజున ఆ చదువు మీ ఇంటికి పనికొచ్చినట్టే.